చెవి రంధ్రాలు చిన్నవా? షూటింగ్‌కు నొప్పి పుట్టని ఇయర్‌ప్లగ్, ఇయర్‌మఫ్ ఎంచుకునే పద్ధతి

షూటింగ్ రేంజ్ కౌంటర్ దగ్గర డబ్బాలో ఉండే ఫోమ్ ప్లగ్గులు దాదాపు అన్నిచోట్లా ఒకటే సైజు. చెవి రంధ్రం మామూలుగా ఉన్నవాళ్లకు అవి సరిగ్గానే కూర్చుంటాయి. చిన్నగా ఉన్నవాళ్లకు సగం దూరి ఆగిపోతాయి, పది నిమిషాలకు చెవి సలుపుతుంది, పావుగంటకు ప్లగ్గు దానంతటదే బయటికి వచ్చేస్తుంది. అప్పుడు చాలామంది చేసే పని దాన్ని వేలితో ఓసారి లోపలికి నొక్కి, మళ్లీ గురి చూసుకోవడం. చెవి మూసుకుందనుకుంటారు గానీ ఆ క్షణంలో అది సగం తెరిచే ఉంటుంది.

ప్లగ్గు ఎంపికలో అన్నిటికన్నా ముందు గుర్తుంచుకోవాల్సింది ఇదే: సౌకర్యం, రక్షణ వేర్వేరు విషయాలు కావు. నొప్పి పెట్టే ప్లగ్గు లోతుగా వెళ్లదు, లోతుగా వెళ్లనిది చప్పుడును ఆపదు. ప్యాకెట్ మీద రక్షణ అంకె 33 అని ఉన్న ప్లగ్గు సగమే దూరితే, 25 అని ఉండి పూర్తిగా అమరిన ప్లగ్గు ముందు అది దిగదుడుపే.

తెలుగు రాష్ట్రాల్లో ఈ ఇబ్బంది ఎక్కువగా బయటపడేది ఒక మలుపు దగ్గర: ఎయిర్ తుపాకీ వదిలి తూటా తుపాకీ పట్టేటప్పుడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్‌కే చెందిన ఇషా సింగ్ వ్యక్తిగత రజతం తెచ్చిన వాటిలో 25 మీటర్ల పిస్టల్ ఒకటి. పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టి ఏడాదో రెండేళ్లో గడిచాక ఈ 25 మీటర్ల పోటీకి మారతారు. ఎయిర్ పిస్టల్ చప్పుడుకు చెవి మూసుకోకుండా అలవాటు పడ్డ పిల్ల ఒక్కసారిగా .22 (0.22 అంగుళాల సైజు) తూటా చప్పుడు ముందు నిలబడుతుంది. ఎన్‌సీసీ క్యాంపులో మొదటిసారి .22 రైఫిల్ పట్టే క్యాడెట్ల సంగతీ అంతే. చిన్న చెవులు ఎక్కువగా ఉండేది కూడా ఈ వయసువాళ్లకూ, ఆడవాళ్లకే.

ముందు చప్పుడెంతో తెలుసుకోండి

కాల్చేవాళ్ల చెవి దగ్గర .22 రైఫిల్ చప్పుడు 140 డెసిబెల్ దరిదాపుల్లో ఉంటుంది. .22 పిస్టల్ గొట్టం పొట్టిది, కాబట్టి 150 చుట్టూ వెళ్తుంది. 9 ఎంఎం పిస్టల్, 12 బోర్ తుపాకీ, పెద్ద క్యాలిబర్ రైఫిళ్లు 155 నుంచి 165 మధ్య ఉంటాయి, కొన్ని ఇంకా పైన. పెద్దలకు ఒక్క క్షణం కూడా దాటకూడదని చెప్పే హద్దు 140. పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 120. మన దేశంలో టపాసుకు చట్టం పెట్టిన హద్దుతో పోల్చితే సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది: పేలిన చోటుకు 4 మీటర్ల దూరంలో ఆ చప్పుడు గరిష్ఠంగా 145 డెసిబెల్ దాటకూడదు. పిస్టల్ మూతి మీ చెవికి 4 మీటర్ల దూరంలో ఉండదు, చేయి చాచినంత దూరంలో ఉంటుంది.

నాలుగు గోడల మధ్య రేంజ్ అయితే చప్పుడు గోడలకు, పైకప్పుకు తగిలి తిరిగి వస్తుంది. పక్క లేన్‌లో మజిల్ బ్రేక్ (గొట్టం చివర వాయువును పక్కలకు మళ్లించే బిగింపు) ఉన్న రైఫిల్ ఉంటే అది పక్కవాళ్ల వైపే చప్పుడు విసురుతుంది. అందుకే మీరు కాల్చేది .22 అయినా సరే, మీ పక్కన ఏది కాలుతోందో చూసుకుని రక్షణ ఎంచుకోవాలి.

ఇక ప్యాకెట్ మీద ఉండే ఎన్‌ఆర్‌ఆర్ అంకె, అంటే చప్పుడును ఎన్ని డెసిబెల్ తగ్గిస్తుందో చెప్పే అంకె. ఇది అమెరికా లెక్క. యూరప్ సరుకు మీద ఎస్‌ఎన్‌ఆర్ అని వేరే అంకె ఉంటుంది, రెండూ ఒకటి కావు కాబట్టి ఒకదాన్ని ఇంకోదానితో పోల్చకండి. ఎన్‌ఆర్‌ఆర్ ల్యాబ్‌లో, శిక్షణ ఉన్నవాళ్ల పర్యవేక్షణలో వచ్చే అంకె. మామూలు వాడకంలో ఎంత అనుకోవాలో చెప్పే లెక్కల్లో ఒకటి, ఆ అంకెలోంచి 7 తీసి సగం చేయడం: 30 అని ఉంటే (30 − 7) ÷ 2, అంటే 11.5. మరో లెక్క ప్రకారం ఇయర్‌మఫ్ (చెవుల మీద కప్పుల్లా కూర్చునేది) అంకెలో పావు వంతు, ఫోమ్ ప్లగ్గు అంకెలో సగం, మిగతా రకాల ప్లగ్గుల్లో 70 శాతం కోసేయాలి. ఈ లెక్కలు ఫ్యాక్టరీల్లో ఏకబిగిన ఉండే మోత కోసం చేసినవి, తుపాకీ చప్పుడుకు అచ్చంగా వర్తించవు. కానీ మఫ్‌కు పావే కోసి ఫోమ్ ప్లగ్గుకు సగం కోయడం వెనక ఉన్న అనుభవం మనకు పనికొస్తుంది: ప్లగ్గును తప్పుగా పెట్టుకోవడం తేలిక, మఫ్‌ను తప్పుగా పెట్టుకోవడం అంత తేలిక కాదు. చిన్న చెవులవాళ్లు ముందు మంచి మఫ్ కొనుక్కుని, తర్వాత ప్లగ్గు వెతుక్కోవాలని చెప్పేది అందుకే.

చెవి నిజంగా చిన్నదేనా?

పెద్దవాళ్ల చెవి నాళం సుమారు 25 మిల్లీమీటర్ల పొడవు, 7 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. అది తిన్నగా ఉండదు, రెండు వంపులు తిరుగుతుంది. అడ్డంగా కోస్తే గుండ్రంగా కాక కోడిగుడ్డులా ఉంటుంది. బయటి మూడో వంతు మెత్తటి మృదులాస్థి, లోపలి రెండు వంతులు ఎముక, దాని మీద పల్చటి చర్మం. ఆ లోపలి భాగానికి ఏది తగిలినా చురుక్కుమంటుంది. ఫోమ్ ప్లగ్గులు చాలావరకు 11 నుంచి 14 మిల్లీమీటర్ల లావుంటాయి. 7 మిల్లీమీటర్ల దారిలో అది సర్దుకుంటుంది. 5 మిల్లీమీటర్ల దారిలో అదే ఫోమ్ రెట్టింపు పట్టుదలతో గోడల్ని తోస్తుంది. ఆ సలుపు అక్కడిది.

దారి చిన్నదని చెప్పే గుర్తులు ఇవి. పాటలు వినే ఇయర్‌ఫోన్లకు డబ్బాలో ఇచ్చే రబ్బరు టిప్పుల్లో అన్నిటికన్నా చిన్నదే మీకు సరిపోతుంది, అదీ ఒక్కోసారి జారుతుంది. బాగా నలిపిన ఫోమ్ ప్లగ్గు కూడా సగం కన్నా ఎక్కువ దూరదు. ఎదుటి నుంచి అద్దంలో చూస్తే ప్లగ్గు తోక చెవి పక్కన పొడుచుకొచ్చి కనిపిస్తుంది. రెండు చెవులనూ విడివిడిగా చూసుకోండి, ఎందుకంటే కుడి ఎడమల సైజు తేడా ఉండటం మామూలే. కుడికి ఒక రకం, ఎడమకు ఒక రకం ప్లగ్గు వాడటంలో తప్పేమీ లేదు. ఖచ్చితంగా కొలవాలంటే పుల్లల చివర వేర్వేరు సైజుల గుండ్లున్న ఇయర్‌గేజ్ అనే కొలపరికరం ఉంది. వినికిడి పరికరాల క్లినిక్‌లో ఆడియాలజిస్ట్ చెవిలోకి చూసి కూడా చెప్పేస్తారు.

ప్లగ్గుల మీద డబ్బు పెట్టేముందు ఒకసారి ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. "నా చెవి చిన్నది" అనుకునేవాళ్లలో కొందరికి అసలు అడ్డు గుబిలి. ప్లగ్గు పెట్టిన ప్రతిసారీ అది ఇంకా లోపలికి గట్టిపడుతూ పోతుంది. కొందరికి నాళంలో ఎముక పెరిగి ఉంటుంది, కొందరికి చర్మం పొట్టు రాలుతుంటుంది. పిన్నీసుతో, అగ్గిపుల్లతో తోడే అలవాటుంటే ఇవాళే మానండి. గీసుకున్న చర్మం మీద ఫోమ్ తగిలితే చీము పట్టేదాకా పోతుంది. ఇంట్లో పెద్దవాళ్లు వెచ్చటి నూనె చుక్కలు వేయమంటారు. కర్ణభేరికి చిల్లు ఉందో లేదో డాక్టర్ చూడకుండా ఆ పని వద్దు. పైగా నూనె తడి ఉన్న చెవిలో ఏ ప్లగ్గూ నిలవదు.

ఏ రకాలు, ఏ వరుసలో ప్రయత్నించాలి

మొదట సన్నటి, మెత్తటి ఫోమ్. హోవార్డ్ లైట్ కంపెనీ మ్యాక్స్ రకం ఎన్‌ఆర్‌ఆర్ 33, అందుకే అందరూ అదే కొంటారు. కానీ దాని అడుగు గంటలా విచ్చుకుని ఉంటుంది, చిన్న చెవికి అది శత్రువు. అదే కంపెనీ మ్యాక్స్ లైట్ ఎన్‌ఆర్‌ఆర్ 30, ఇంకా మెత్తన, ఉబ్బేటప్పుడు గోడల మీద ఒత్తిడి తక్కువ. చిన్న చెవులవాళ్లు ముందు దీన్ని పెట్టి చూడాలి. లేజర్ లైట్ దాని ఆకారమే గానీ కాస్త బిగువు. 3ఎం వారి ఈఏఆర్ క్లాసిక్ అనే పసుపు స్తంభం లాంటి ప్లగ్గులో చిన్న సైజు విడిగా దొరుకుతుంది, కొనేటప్పుడు ప్యాకెట్ మీద స్మాల్ అని ఉందో లేదో చూడాలి. ఈ పసుపు రకానికి ఒక మంచి గుణం ఉంది: నలిపాక నెమ్మదిగా ఉబ్బుతుంది. వంపు తిరిగిన ఇరుకు దారిలోకి దాన్ని పంపడానికి ఎక్కువ సమయం చిక్కుతుంది. మన మందుల షాపుల్లో, సేఫ్టీ సామాను కొట్లలో తేలిగ్గా దొరికే నారింజ రంగు 3ఎం 1100 కొన సన్నగా ఉన్నా అడుగు లావు, చిన్న చెవిలో కొసదాకా పోదు.

ప్లగ్గు లావుగా ఉందని కత్తెరతో నిలువుగా చీల్చి సన్నం చేయకండి. ఫోమ్ పైన ఉండే నున్నటి పొర పోతుంది, కోసిన అంచు చర్మాన్ని గీరుతుంది, గాడి పడిన చోటు నుంచి చప్పుడు లోపలికి వస్తుంది. పొడవు కోస్తే తీసేటప్పుడు వేళ్లకు దొరకదు.

రెండోది, కాడ ఉన్న రకం. గొడుగుల్లాంటి అంచులు రెండో మూడో ఉన్న రబ్బరు ప్లగ్గులు ఇవి. ఈఏఆర్ అల్ట్రాఫిట్ ఎన్‌ఆర్‌ఆర్ 25, కానీ అది ఒకటే సైజు. మూడో గొడుగు చిన్న చెవిలోకి రాక బయటే మడత పడుతుంది. చిన్న, మధ్య, పెద్ద అని సైజుల్లో వచ్చేవే కొనాలి. ష్యూర్‌ఫైర్ సోనిక్ డిఫెండర్స్ అలా వస్తాయి. ఈ రకానికి నలపడం అక్కర్లేదు, చెమట చేతులతోనైనా పెట్టుకోవచ్చు, కడిగి మళ్లీ వాడొచ్చు. నష్టమేమిటంటే రబ్బరు గొడుగు గుండ్రం, మన దారి కోడిగుడ్డు ఆకారం. ఫోమ్ లాగా అది సర్దుకోదు. కాడ చివర ఫోమ్ ముద్ద ఉండే నొక్కుడు రకాలు రెంటికీ మధ్యస్థం, నలపడం చేతకాని పిల్లలకు ఇవి బాగుంటాయి.

కొన్ని కాడ ప్లగ్గుల్లో చిన్న చిల్లు, దానికి మూత ఉంటాయి. మూత తీస్తే మాటలు వినిపిస్తాయి, చప్పుడు పెద్దదైనప్పుడు చిల్లే దాన్ని అడ్డుకుంటుంది. ఆరుబయట, అప్పుడప్పుడు కాల్చే చోట ఇది పర్వాలేదు. గోడల మధ్య రేంజ్‌లో మూత వేసే ఉంచాలి, పైన మఫ్ కూడా ఉండాలి.

చెవిలోకి ఏదీ భరించలేనివాళ్లకు మైనంలా మెత్తగా ఉండే సిలికాన్ ముద్దలు ఉన్నాయి. వాటిని రంధ్రం మూతి మీద బిళ్లలా పరిచి అంటించాలి, లోపలికి కూరకూడదు, లోపల ముక్క తెగితే తీయడం డాక్టర్ పనే. ఇవి ఒంటరిగా తుపాకీకి చాలవు, మఫ్ కింద రెండో పొరగా పనికొస్తాయి. మెడ చుట్టూ వంపు కడ్డీతో వేలాడే రకం రంధ్రం మూతి మీదే ఆగుతుంది. లైన్ వెనక నడిచే కోచ్ మెళ్లో వేసుకోవచ్చు గానీ కాల్చేవాళ్లకు వద్దు. దూది సంగతి చెప్పనే అక్కర్లేదు. అది చెవిలో ఉందన్న ధైర్యమే తప్ప తుపాకీ చప్పుడు ముందు పనిచేయదు.

నాలుగైదు రకాలు జత చొప్పున తెప్పించుకుని, రేంజ్‌కు వెళ్లకముందే ఇంట్లో పరీక్షించండి. మొదటి రోజు పది నిమిషాలు, రెండో రోజు అరగంట, మూడో రోజు గంట. పెట్టిన వెంటనే కాస్త నిండుగా అనిపించడం సహజం, రెండు మూడు నిమిషాల్లో అది తగ్గాలి. అరగంట తర్వాత సలుపు పెరుగుతుంటే ఆ రకం మీది కాదు. ఏ రకం ఏ చెవికి ఎలా ఉందో కాగితం మీద రాసుకోండి, నాలుగో రకానికి వచ్చేసరికి మొదటిది మరిచిపోతారు.

ఫోమ్ ప్లగ్గు పెట్టే విధానం

చిన్న చెవి విషయంలో సగం గెలుపు ఇక్కడే. పెట్టడం తప్పితే ఎంత మంచి రకమైనా వృథా.

1. చేతులు కడిగి పొడిగా తుడుచుకోండి. తూటాలు ముట్టుకున్న వేళ్ల మీద సీసం ఉంటుంది, తుపాకీ నూనె ఉంటుంది. లైన్‌లోకి వెళ్లక ముందే, లోడ్ అన్న ఆజ్ఞకు చాలా ముందే ఈ పని అయిపోవాలి.

2. దీపానికి వత్తి చేసినట్టు ప్లగ్గును బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు మధ్య నలపండి. మొదట తేలిగ్గా, తర్వాత క్రమంగా బిగిస్తూ. ఒకేసారి పిండితే మడతలు పడతాయి, ప్రతి మడతా చప్పుడుకు కాలువే. చివరికి అది ముడతలేకుండా, బాల్‌పెన్ రీఫిల్ కన్నా కాస్త లావుగా రావాలి. కొన ముందుగా విచ్చుకుంటుంది కాబట్టి చివరి రెండు చుట్లు కొన దగ్గర నలపండి.

3. రెండో చేతిని తల మీదుగా తెచ్చి, చెవి డొప్ప పై భాగాన్ని పట్టుకుని పైకి, వెనక్కి లాగండి. కుడి చెవికి ఎడమ చేయి. దీనితో మొదటి వంపు తిన్నగా అవుతుంది. ఇరుకు చెవికి ఈ లాగుడే ప్రాణం, దీన్ని వదిలేసేవాళ్లే "నాకు పట్టదు" అంటారు. కొందరికి పైకి కన్నా పక్కకు, బయటికి లాగితే దారి ఎక్కువ తెరుచుకుంటుంది. అద్దం ముందు రెండు విధాలా లాగి చూసి, ఏ దిక్కున రంధ్రం పెద్దదవుతోందో గుర్తుపెట్టుకోండి.

4. నోరు కాస్త తెరవండి. దవడ కిందికి దిగితే నాళం ముందు గోడ కొద్దిగా జరుగుతుంది. ఆ సందులో ప్లగ్గును ముక్కు వైపు గురిపెట్టి ఒకే ఊపులో, నెమ్మదిగా పంపండి. మెలిపెట్టకండి.

5. వేలి కొసతో తోకను 30 నుంచి 40 సెకన్లు అలాగే పట్టి ఉంచండి. ఉబ్బుతూ వెనక్కి తన్నుకురావడం దాని స్వభావం, చిన్న చెవిలో ఆ తన్నుడు ఇంకా ఎక్కువ. పసుపు రకానికైతే నిమిషం పట్టండి.

6. కుదరలేదనిపిస్తే లోపలికి పొడవకండి. బయటికి తీసి మొదటి నుంచి చేయండి.

ఎండాకాలం గురించి ఒక మాట. నెమ్మదిగా ఉబ్బే ఫోమ్ వేడికి మెత్తబడి త్వరగా ఉబ్బుతుంది, చలికి గట్టిపడి ఆలస్యం చేస్తుంది. మే నెలలో ఏసీ లేని రేంజ్‌లో, కారు డ్యాష్‌బోర్డ్ మీద కాగిన ప్లగ్గు నలిపి చెవి దగ్గరికి తెచ్చేలోపే విచ్చుకుంటుంది. ప్లగ్గుల డబ్బాను సంచిలో నీళ్ల సీసా పక్కన పెట్టుకుంటే చాలు.

తీసేటప్పుడు ఒక్కసారిగా లాగకండి. లోపల గాలి గుంజి కర్ణభేరి మీద నొప్పి పుడుతుంది. మెల్లగా తిప్పుతూ, గాలి లోపలికి దూరేలా వదులు చేసి తీయండి. తోక రెండు మూడు మిల్లీమీటర్లు వేళ్లకు దొరికేలా ఎప్పుడూ బయట ఉండాలి.

సరిగ్గా కూర్చుందా లేదా?

చూపు పరీక్ష: ఎదుటివాళ్లు మీ ముఖంలోకి సూటిగా చూస్తే ప్లగ్గు తోక కనిపించకూడదు. పక్క నుంచి చూస్తే సగానికి పైగా లోపల ఉండాలి. తీశాక దాని ఆకారం చూడండి. నాళంలో ఉన్న మేర సన్నగా, ముడత లేకుండా ఉంటే బాగా పెట్టారు. కొన మాత్రమే సన్నబడి మిగతాది లావుగా ఉంటే మూతి దగ్గరే ఆగిపోయింది.

చెవి పరీక్ష: వంటింట్లో మిక్సీ వేయించి, ప్లగ్గులు పెట్టుకుని ఎదురుగా నిలబడండి. రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూయండి, తీయండి. మూసినప్పుడు మోత ఇంకా బాగా తగ్గితే ప్లగ్గు చప్పుడును వదిలేస్తోందని అర్థం. తేడా దాదాపు తెలియకపోతే బాగుంది. ఒక్కో చెవినీ విడిగా మూసి చూడండి, ఏ వైపు లోపమో తెలుస్తుంది.

గొంతు పరీక్ష: నోరు మూసుకుని "మ్..." అనండి. రెండు చెవులూ సరిగ్గా మూసుకుంటే ఆ శబ్దం తల మధ్యలో, కుండలో మాట్లాడినట్టు మోగుతుంది. ఒక వైపే మోగితే రెండో వైపు తెరిచి ఉంది. ఈ కుండ మోత కొందరికి చిరాకు. ప్లగ్గు ఇంకా లోతుగా వెళ్తే అది తగ్గుతుంది. ఎక్కువవుతోందని బయటికి లాగేవాళ్లు సరిగ్గా ఉల్టా పని చేస్తున్నారు.

దవడ ఆడితే నాళం ఆకారం మారుతుంది. చూయింగ్ గమ్ నమిలినా, పక్కవాళ్లతో మాట్లాడుతూ కూర్చున్నా ప్లగ్గు కొంచెం కొంచెంగా బయటికి నడుస్తుంది. రైఫిల్ వాళ్లకు స్టాక్ మీద బుగ్గ ఆనించినప్పుడూ ఇదే జరుగుతుంది. ప్రతి సిరీస్‌కు (వరుసగా కాల్చే కొన్ని తూటాల విడతకు) ముందు ఒకసారి "మ్..." అని చూసుకుంటే పట్టేది రెండు సెకన్లు.

ఇయర్‌మఫ్: చిన్న చెవికి అసలు ఆసరా

మఫ్‌కు నాళం సైజుతో పనిలేదు. దాని బలహీనత కుషన్ అంచు. చర్మానికి, కుషన్‌కు మధ్య ఏది దూరినా సందు పడుతుంది. కళ్లద్దాల కాడ లావుగా ఉంటే పడుతుంది. జూకాలు, పెద్ద దుద్దులు ఉంటే పడుతుంది, పైగా కుషన్ వాటిని తమ్మెకు నొక్కి గాయం చేస్తుంది. రేంజ్‌కు వెళ్లే రోజు కమ్మలు ఇంట్లో పెట్టి వెళ్లడమే మంచిది. జడ మెడ వెనక కిందికి ఉండాలి, చెవుల దగ్గర క్లిప్పులు వద్దు. స్కార్ఫ్ కట్టుకునేవాళ్లు మఫ్‌ను స్కార్ఫ్ కింద, చర్మానికి తగిలేలా పెట్టుకుని దాని మీద గుడ్డ సర్దుకోవాలి. గుడ్డ మీద పెడితే రక్షణ బాగా పడిపోతుంది. కళ్లద్దాలు పల్చటి, బల్లపరుపు కాడలున్నవి ఎంచుకోండి.

పిస్టల్ వాళ్లకు మఫ్ కప్పు ఎంత మందం ఉన్నా ఇబ్బంది లేదు. 3ఎం పెల్టర్ ఎక్స్5ఏ ఎన్‌ఆర్‌ఆర్ 31, కానీ బరువు, కప్పులు లావు. రైఫిల్, షాట్‌గన్ వాళ్లకు లావు కప్పు స్టాక్‌కు తగిలి ఒక పక్కకు లేస్తుంది. అది లేచిన క్షణమే ట్రిగ్గర్ నొక్కే క్షణం. వాళ్లకు పల్చటి కప్పులున్న ఎక్స్4ఏ (ఎన్‌ఆర్‌ఆర్ 27) లాంటివి నయం. కొట్లో మఫ్ పెట్టుకుని నిటారుగా నిలబడి చూస్తే చాలదు, తుపాకీ పట్టినట్టు బుగ్గ ఆనించే భంగిమలో మెడ వంచి చూడాలి. పిల్లల తలకు పెద్దల మఫ్ కొసదాకా కుదించినా వదులుగానే ఉంటుంది, పిల్లల సైజు విడిగా అడగండి.

మైకులున్న ఎలక్ట్రానిక్ మఫ్‌లు మాటలు పెంచి వినిపిస్తాయి, తుపాకీ చప్పుడును పెంచవు. హోవార్డ్ లైట్ ఇంపాక్ట్ స్పోర్ట్ ఎన్‌ఆర్‌ఆర్ 22 మాత్రమే. ఆరుబయట .22కు సరే గానీ, గోడల మధ్య 9 ఎంఎంకు కింద ప్లగ్గు ఉండాల్సిందే. శిక్షణలో ఈ జోడీ చాలా బాగుంటుంది: ప్లగ్గు చప్పుడు ఆపుతుంది, మఫ్ మైకు శబ్దం పెంచితే కోచ్ మాట ప్లగ్గు దాటి వినిపిస్తుంది. కానీ ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నియమాల ప్రకారం పోటీలో షూటర్లు శబ్దం అందుకునే పరికరం ఉన్న చెవి రక్షణ వాడకూడదు. పోటీకి వెళ్లేవాళ్లు కనీసం ఆఖరి నెలంతా మామూలు మఫ్‌తో సాధన చేయాలి, ఆజ్ఞలు మందంగా వినిపించడం అలవాటు కావాలి.

ప్లగ్గు, మఫ్ రెండూ కలిపితే అంకెలు కూడవు. రెంటిలో పెద్ద అంకెకు సుమారు 5 డెసిబెల్ కలుస్తుంది, అంతే. చప్పుడు పుర్రె ఎముక గుండా కూడా లోపలికి పోతుంది కాబట్టి దానికో హద్దుంది. అయినా చిన్న చెవులవాళ్లకు ఈ జంట విలువ ఆ 5లో లేదు. ప్లగ్గు సిరీస్ మధ్యలో జారినా పైన మఫ్ కాపలా ఉంటుంది, మఫ్ కళ్లద్దాల దగ్గర లేచినా లోపల ప్లగ్గు ఉంటుంది. గోడల మధ్య రేంజ్‌లో, సెంటర్‌ఫైర్ తుపాకులకు (9 ఎంఎం లాంటివి), పెద్ద రైఫిళ్లకు ఈ జంట లేకుండా కాల్చవద్దు.

అచ్చు తీయించుకునే ప్లగ్గులు

నాలుగు రకాలు ప్రయత్నించినా కుదరకపోతే ఇదే దారి. వినికిడి పరికరాలు అమ్మే క్లినిక్‌లలో చెవి అచ్చు తీస్తారు. ముందు గుబిలి లేకుండా శుభ్రం చేయించాలి. నాళంలో లోపలికి దారం కట్టిన చిన్న ఫోమ్ అడ్డు పెట్టి, దాని మీద సిలికాన్ పేస్ట్ నింపి, అయిదు నిమిషాలు ఆగి తీస్తారు. మీరు అడగాల్సినవి మూడు. అడ్డు రెండో వంపు దాటి పెట్టాలి, లేకపోతే ప్లగ్గు పొట్టిదై చప్పుడు ఆపదు. ఇరుకు చెవికి అడ్డు కూడా చిన్న సైజుది కావాలి. పేస్ట్ గట్టిపడే వేళ నోరు తెరిచి ఉంచేలా పళ్ల మధ్య దిమ్మ పెట్టమనండి, రైఫిల్ వాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఆర్డర్‌లో "స్విమ్ ప్లగ్" అని రాస్తే నీళ్లు ఆపేది వస్తుంది. నాయిస్ ప్లగ్ అని, తుపాకీ కోసమని, గాలి చిల్లు లేకుండా మెత్తటి సిలికాన్‌తో అని స్పష్టంగా రాయించండి.

వచ్చాక మిక్సీ పరీక్ష చేయండి. ఒక్క చోట నొప్పి పెడితే ఆ చోటు అరగదీసి ఇస్తారు, మొత్తం వదులైతే మళ్లీ అచ్చు తీయాల్సిందే. పెద్దలకు కొన్నేళ్లు వస్తాయి. బరువు బాగా తగ్గినా పెరిగినా అమరిక మారుతుంది. ఎదిగే పిల్లలకు ఏడాది తిరిగేసరికి వదులవుతుంది కాబట్టి పదహారు పదిహేడేళ్ల దాకా ఫోమ్, మఫ్ జంటే నా సలహా.

తరచూ ఎదురయ్యే ఇబ్బందులు

దురద పెడితే ముందు ఫోమ్ పాతదేమో చూడండి. ఫోమ్ ప్లగ్గు కడిగి దాచుకునేది కాదు, మురికి పట్టినా ఉబ్బడం మందగించినా పారేయాలి. కొత్తదానికీ దురదే అయితే పదార్థం మార్చండి, పాలియురెథేన్ నుంచి పీవీసీకి, లేదా సిలికాన్‌కు. రబ్బరు గొడుగులను సబ్బు నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాలి, స్పిరిట్‌తో తుడిస్తే కాలక్రమంలో బిరుసెక్కుతాయి. మఫ్ కుషన్లు చెమటకు గట్టిపడి పగుళ్లు వస్తాయి. ఆరు నెలల నుంచి ఏడాదిలోపు కుషన్ జత మార్చాలి. బ్యాండ్‌ను చాచి పెట్టెలో ఉంచితే బిగువు పోతుంది, ముడిచి ఉంచండి.

ఒక చెవి ఎప్పుడూ సలుపుతుంటే ఆ చెవికే చిన్న సైజు పెట్టండి, రెండో చెవిని మార్చకండి. ప్లగ్గు లోపల ఇరుక్కుని తోక దొరకకపోతే ట్వీజర్ ముట్టుకోకుండా ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లండి. స్టాప్ అన్నారని వెంటనే చెవులు తెరవకండి. మీ లేన్ ఆగినా పక్క బే ఆగకపోవచ్చు. లైన్ దాటి, తలుపు దాటి బయటికి వచ్చాకే తీయండి.

మొదటి తూటా కాల్చకముందే ఒక ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష గ్రాఫ్) తీయించి దాచుకోండి, ఏడాదికోసారి మళ్లీ తీయించి పక్కన పెట్టి చూడండి. తుపాకీ చప్పుడు ముందుగా 3000, 4000, 6000 హెర్ట్జ్ దగ్గర గుంట తీస్తుంది. కుడిచేతి వాటం రైఫిల్ షూటర్లకు ఎడమ చెవి ముందు దెబ్బతింటుంది, ఎందుకంటే తుపాకీ మూతి వైపు ఉండేది అదే, కుడి చెవికి తల నీడ ఉంటుంది. ఎడమ చెవి ప్లగ్గే సరిగ్గా దూరనిదైతే ఆ వైపు రెట్టింపు శ్రద్ధ కావాలి.

కాల్చాక చెవిలో హోరు, గింగురుమనే మోత, దూది పెట్టినట్టు మందం ఉంటే ఆ రోజుకు ఆపేయండి. మర్నాటికీ తగ్గకపోయినా, ఒక చెవి ఒక్కసారిగా వినిపించడం తగ్గినా, ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవండి. మందు పనిచేసే అవకాశం మొదటి రోజుల్లోనే ఎక్కువ.